సుబారు వీపు మీద గీత

పోయినవారం కిరికోని గుడి మెట్ల దగ్గర, చలిలో, ఒంటరిగా వదిలేసి వచ్చాం. ఇవాళ ఆమెతోపాటు మెట్లెక్కాలి. ఎక్కేముందు, ఆమె అక్కడికి ఎందుకొచ్చిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళు బిక్కమొహం వేసుకుని కూర్చోకూడదు కదా.

జపానులో, కుమమోతొ ఊరి శివార్లలో ఉన్న కిరికో కంపెనీ కెమెరాలకి కళ్ళు తయారుచేస్తుంది, అంటే సెన్సార్లు. అందరూ చేసే సెన్సారులో ఒక్కో గడి ఒక్కో రంగునే పట్టుకుంటుంది. మిగతా రెండు రంగుల్నీ పక్క గడుల్ని చూసి ఊహించుకుంటుంది. ఎంత తెలివిగా ఊహించినా ఊహ ఊహే, సన్నగీతల బట్టని ఫొటో తీస్తే లేని రంగులన్నీ పుట్టుకొస్తాయి. ఈ కంపెనీలో యనాసె మాస్టారు అనే పెద్దాయన దానికి విరుగుడు పట్టాడు. ఒకే గడిలో మూడు పొరలు. నీలం పైపొరలోనే ఆగిపోతుంది, ఆకుపచ్చ దాని కిందకి దిగుతుంది, ఎరుపు అట్టడుగుకి పోతుంది. ఇక ఏ గడీ దేన్నీ ఊహించుకోనక్కర్లేదు. ఆ నమూనా చిప్పుల్లో ఒకదానికి ఒక మూల, అడుగునున్న ఎరుపు పొరలో, వెలుగు పట్టని చచ్చిన చుక్కలు ఆరు గుంపుగా ఉండేవి, అచ్చం కృత్తికల్లాగా. ఇక్కడ కృత్తికల్ని సుబారు అంటారు కాబట్టి చిప్పుకీ ఆ పేరే స్థిరపడింది.

పోటీ కంపెనీ వాళ్ళు ఈ నెల టోక్యో ప్రదర్శనలో "మా మూడు పొరల సెన్సారు తీసిన ఫొటో" అంటూ ఒక సీడీ పంచారు. ఆ ఫొటో మూలన అవే ఆరు చుక్కలు! చిప్పుని అమ్ముకున్నది నిరుడు రిటైరైన మాస్టారే అని డైరెక్టర్ కురమోచి తేల్చేశాడు. రేపు పొద్దున్న మీటింగులో ఆ మాట అందరి ముందూ అనేసి, ఆయన్ని పోలీసులకి అప్పగించేస్తారు.

ఇక్కడే కిరికో గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే సుబారు ఆఖరిసారి ఉన్నది ఆమె చేతిలో.

ఫిబ్రవరిలో, దర్జీలు విరిగిన సూదుల్ని సోయాపాలతో చేసిన మెత్తటి తోఫూలో గుచ్చి దణ్ణం పెట్టుకునే రోజున, ఈ కంపెనీ వాళ్ళు పనికిరాని చిప్పుల్ని గుడికి తెస్తారు. ప్రతి చిప్పునీ వజ్రపు మొన కలంతో గీసి, రెండు ముక్కలు చేసి, పేరు రాసిన తెల్లకాగితంలో చుట్టి పెట్టెలో పెడతారు. పూజారి మంత్రాలు చదువుతాడు. ఏడాదిపాటు పెట్టె గుడిలో ఉండి, మళ్ళీ పూజనాటికి మట్టిలో కలుస్తుంది. నిరుడు సుబారుని విరిచే పని మాస్టారు కిరికోకి అప్పజెప్పాడు. ఆమె కలం పట్టుకుంది, చెయ్యి ఆడలేదు. లోకంలో ఊహ కలవని మొదటి రంగుల బొమ్మని చూసిన కన్ను అది. చూస్తూ చూస్తూ దాన్ని ఎలా పొడుస్తారు? విరవకుండానే, దాన్ని బిగించిన పింగాణీ గూటితో సహా కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. ఆ సంగతి ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ పెట్టెని గుడికి మోసుకెళ్ళింది ఆమె పక్క బల్ల ఇసొగాయ్. ఈమధ్య ఫోను మోగితే బయటికి పరిగెత్తుతున్నాడు. సీడీ తన చేతికొచ్చి వారమైనా ఎవరికీ చూపించకుండా దాచాడు. దొంగ అతనే అని కిరికోకి అనుమానం. పెట్టె తెరిస్తే సుబారు ఉండదు. ఉండకపోతే అతన్ని నిలదీయొచ్చు, మాస్టారు బయటపడతారు. ఆ ధైర్యంతోనే పొద్దున్న డైరెక్టర్ దగ్గర పర్మిషన్ కూడా తీసుకుంది.

"వెళ్ళి చూసిరామ్మా. నీ మనసు కుదుటపడుతుంది" అన్నాడు కురమోచి ఆప్యాయంగా. "ఎన్ని గంటలకి వెళ్తున్నావు?" అని కూడా అడిగాడు.

అదీ సంగతి. ఇక మెట్లెక్కుదాం పదండి.

గుడి తలుపు జరిపిన కిరికో గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల, బుద్ధుడి ముందు, చాప మీద బాసింపట్టు వేసుకుని ఇసొగాయ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో లాప్‌టాప్, చేతిలో సగం కొరికిన చిలగడదుంప ఉండ. అతని పక్కనే పెట్టె.

"రా తల్లీ, రా. నీకోసమే చూస్తున్నా" అన్నాడు నోట్లో ఉండతోనే.

కిరికోకి ఒళ్ళు మండిపోయింది. "మీరెందుకొచ్చారిక్కడికి?"

"నువ్వెందుకొచ్చావో అందుకే. చిప్పులకి తద్దినం పెట్టి ఏడాదైంది కదా, చూసిపోదామని."

"వేళాకోళం చాలు ఇసొగాయ్ గారూ. పెట్టె తెరిచేశారా?"

"తెరిస్తే నువ్వు నమ్ముతావా? దాని మీద కాగితం ముద్ర చూసుకో. చెయ్యి కూడా పెట్టలేదు. సాక్షి లేకుండా తెరిచేంత పిచ్చివాణ్ణి కాను."

కిరికో బూట్లు విప్పి లోపలికొచ్చింది కానీ కూర్చోలేదు. ముద్ర ఉన్నమాట నిజమే, దేవదారు మూత మీద అడ్డంగా అంటించిన కాగితం చెక్కుచెదరలేదు. అయితే మాత్రం? కాగితం ఎవరైనా మళ్ళీ అంటించొచ్చు. ఇతగాడు పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాడేమో, ఎవరు చూడొచ్చారు?

"సూటిగా అడుగుతున్నా" అంది. "పెట్టె మోసుకొచ్చింది మీరు. దారిలో ఆగారా?"

"ఆగాను."

"ఎక్కడ?"

"పెట్రోలు బంకులో. మూత్రానికి. అది కూడా రేపు మీటింగులో చెబుతావా?"

"సీడీ ఎందుకు దాచారు?"

ఇసొగాయ్ నవ్వు ఆగింది. ఉండని కాగితం మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "దాచానా? ఆ ఆరు చుక్కలూ కనపడగానే నాకు మొదట ఎవరు గుర్తొచ్చారో తెలుసా? నువ్వు. సుబారుని విరవమని మాస్టారు నీ చేతికే ఇచ్చారు. ఆ రోజు నీ మొహం నేను చూశాను. కాగితం చుట్టేటప్పుడు నీ చేతులు వణికాయి. విరిచినవాళ్ళ చేతులు అలా వణకవు కిరికో. సీడీ బయటపెడితే నీ ఉద్యోగం పోతుందని వారం రోజులు నిద్ర లేకుండా దొర్లాను. ఫోన్లా? మా అమ్మకి ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రి వాళ్ళు చేస్తారు. ఇంకేమైనా కూపీ లాగాలా?"

కిరికో నమ్మిందా? లేదు. అబద్ధం చెప్పేవాడికి ఆసుపత్రి కంటే మంచి సాకు ఇంకోటి దొరకదు. పైగా తన తప్పు ఇతనికి ఏడాదిగా తెలుసట! గుప్పెట్లో పెట్టుకుని ఊరుకున్నాడన్నమాట.

"సరే, ఇద్దరమూ ఉన్నాం, తెరుద్దాం" అంది. "సుబారు లేకపోతే మాత్రం మీరు జవాబు చెప్పాలి."

"లేకపోతే నువ్వు చెప్పాలి. అసలు పెట్టావో లేదో నాకేం తెలుసు?"

చూశారా, ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఎంత నమ్మకమో! పదేళ్ళుగా పక్కపక్క బల్లల మీద అన్నం డబ్బాలు విప్పుకుని తిన్నవాళ్ళు.

పూజారి గారి భార్య తొమొయె గారు టీ పళ్ళెంతో వచ్చి, పెట్టె వైపు, వీళ్ళ మొహాల వైపు చూసింది. "పూజకి ముందే తెరుస్తారా? ఆయనకి తెలిస్తే నన్ను కోప్పడతారండీ."

"ఒక్కసారి తల్లీ. మళ్ళీ అంటించేస్తాం" అన్నాడు ఇసొగాయ్.

"ఏమో బాబూ. పోయిన శరదృతువులో మీ యనాసె మాస్టారు కూడా ఇదే మాట అన్నారు. ధూపం వేసుకుంటానన్నారు. నేనే జిగురు గిన్నె ఇచ్చాను." ఆవిడ పళ్ళెం పెట్టేసి వెళ్ళిపోయింది.

జిగురు గిన్నె. కిరికో ముద్ర వైపు వంగి చూసింది. ఇసొగాయ్ ఆమె వైపు చూడకుండా గోటితో ముద్ర చివర పట్టి లాగాడు.

పెట్టెలో తెల్లటి పొట్లాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద కుంచెతో రాసిన ముద్దుపేరు. 'ముక్కోపి' ఉంది. 'సోమరి' ఉంది. కిరికో వేళ్ళు అడుగుదాకా వెళ్ళాయి. అక్కడ, తను దాచిన చోటే, 'సుబారు' అని తన చేతిరాత.

"ఉంది!" అని అరిచేసింది. "చూడండి, ఉంది!"

ఇంత సంతోషం ఆమె మొహంలో చాన్నాళ్ళుగా లేదు. చిప్పు ఇక్కడే ఉంటే ఎవరూ అమ్ముకోలేదు. మాస్టారు దొంగ కాదు. ఇసొగాయ్ కూడా కాదు, పాపం, ఊరికే ఆడిపోసుకుంది.

"విప్పు" అన్నాడు ఇసొగాయ్.

విప్పింది. కాగితంలో పింగాణీ గూడు లేదు. గూట్లోంచి ఊడదీసిన పల్చటి చిప్పు, నున్నగా, రెండు ముక్కలుగా ఉంది.

తను విరవలేదు. తను గూటితో సహా పెట్టింది. అంటే ఎవరో తీశారు, వాడుకున్నారు, తెచ్చి విరిచి, అదే కాగితంలో చుట్టి, అదే చోట పెట్టి వెళ్ళారు.

ఇసొగాయ్ గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఎంత వెర్రిబాగుల దొంగ ఇతను! దొంగ అన్నవాడు పని కాగానే ఏ కాలవలోనో పారేస్తాడు. తెచ్చి తద్దినంలో కలపడం ఏమిటి?"

నిజమే కదా. దొరక్కూడదనుకున్న ఏ దొంగా ఈ పని చెయ్యడు. చిప్పుకి పూజ జరక్కపోతే మనసు ఒప్పుకోనివాడు చెయ్యాలి. అలాంటి మనిషి ఆ కంపెనీలో ఉంటేనే ఈ తప్పు జరుగుతుంది.

"కిరికో, ముక్కలు తిరగెయ్యి" అన్నాడతను నెమ్మదిగా.

ఆమె తిరగెయ్యలేదు. అక్కర్లేదు. పైకి కనిపిస్తున్న ముఖం మీద ఒక్క గీత కూడా లేదు, గీసింది వెనకవైపు అని ఆ నునుపే చెబుతోంది. కంపెనీలో కుర్రకారంతా చిప్పు ముఖం మీదే బరబరా గీసి విరిచేస్తారు. అది చూసి యనాసె మాస్టారు ప్రతి ఏడూ నొచ్చుకునేవాడు. గూట్లోంచి మెల్లగా ఊడదీసి, బోర్లా పెట్టి, వీపు మీద గీసేవాడు. "చూసిన ముఖం మీద గాటు పెట్టకూడదమ్మా" అనేవాడు.

"అలా వీపు మీద గీసేవాళ్ళు మొత్తం ఇద్దరే" అన్నాడు ఇసొగాయ్. "ఒకళ్ళు ఆయన. రెండోవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్న నువ్వు."

"నేను కాదు."

"నువ్వు కాదని నాకు ఇప్పుడు నమ్మకం కుదిరింది. నీ మొహం చూస్తున్నాగా. అదే నా భయం."

ఎవరిని కాపాడాలని మెట్లెక్కిందో ఆయన వేలిగుర్తు లాంటి గీత అరచేతిలో ఉంది. ఇప్పుడు ఇంకొకటి గుర్తొచ్చి కిరికో చాప మీద కూర్చుండిపోయింది. అంతమంది ఉండగా సుబారుని మాస్టారు తన చేతికే ఎందుకిచ్చారు? తను విరవలేనని ఆయనకి తెలుసా? తెలిసే ఇచ్చారా?

"తెలుసమ్మా."

గుమ్మంలో యనాసె మాస్టారు నిలబడి ఉన్నాడు. పాతకోటు, చేతిలో పూజకి తెచ్చిన తెల్లటి పూలకొమ్మ. తొమొయె గారు కబురు పెట్టినట్టుంది. తన ఆలోచనని పైకే అనేశానని కిరికోకి అప్పుడు తెలిసింది.

"నువ్వు విరవలేవని తెలుసు. విరవకూడదనే నీకిచ్చాను" అంటూ ఆయన వచ్చి, ముసలి మోకాళ్ళు ముడిచి, వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. "నేను విరవాల్సొస్తుందేమోనని భయపడి, ఆ పాపం నీ నెత్తిన రుద్దాను. తప్పు నాదే."

"తప్పులు తరవాత లెక్కపెట్టుకుందాం మాస్టారూ" అంది కిరికో. "తీసింది మీరేనా?"

"నేనే."

"అమ్మారా?"

మాస్టారు ఎదురు ప్రశ్న వేశాడు. "ఆ సీడీలో ఫొటో చూశావా?"

"వందసార్లు చూశాను! కళ్ళు కాయలు కాసేలా చూశాను. అవే చుక్కలు, అదే మూల."

"చుక్కలు చూశావు. చుక్కలున్నది ఎరుపు పొరలో కనక ఆ ఒక్క పొరే తెరిచి, నలుపు తెలుపుల్లో చూశావు. బొమ్మ చూశావా?"

కిరికో ఇసొగాయ్ వైపు తిరిగింది. అతనూ తల అడ్డంగా ఊపాడు. రంగుల కోసం జీవితాలు ధారపోసిన మనుషులు, ఆ ఫొటోని ఒక్కసారైనా రంగుల్లో చూడలేదు! కొలతల ప్రోగ్రాంలో వేసి, పొరలు విడదీసి, మూలనున్న చుక్కల మీద పడ్డారు. అందులో ఒక వాకిలి, చూరుకి వేలాడుతున్న ఎండు పళ్ళ దండలు, వెనక తెల్లకాగితం తలుపులు ఉన్నాయని తెలుసు. అంతే.

"మూడు పొరలూ కలుపు బాబూ" అన్నాడు మాస్టారు.

ఇసొగాయ్ లాప్‌టాప్ తెరిచి మీటలు నొక్కాడు. చలికి బిగుసుకున్న వేళ్ళతో రెండుసార్లు తప్పు నొక్కాడు. మొదట ఎరుపు పొర వచ్చింది, ఎప్పుడూ చూసేదే. బూడిదరంగు వాకిలి, తెల్లటి తలుపులు, తలుపుల ముందు ఖాళీ. తరవాత ఆకుపచ్చ చేరింది. నీలం చేరింది.

పళ్ళ దండలు ఒక్కసారిగా కాషాయంలోకి వెలిగాయి. మాస్టారి ఇంటి వాకిలి! ఎన్నిసార్లు అక్కడ కూర్చుని టీ తాగింది! ఖాళీ అనుకున్న తెల్లతలుపుల ముందు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తల వంచుకుని పండు తొక్క తీస్తున్నాడు. నెత్తిన ఎర్రటి టోపీ, ఒంటి మీద చేతుల్లేని ఎర్రటి చొక్కా. ఎరుపు పొరలో ఎరుపు తెల్లగానే కనిపిస్తుంది కాబట్టి తెల్లతలుపుల్లో కలిసిపోయి, ఇన్నాళ్ళూ వాళ్ళ కళ్ళ ముందే కూర్చుని కనపడకుండా పోయాడు.

అరవయ్యేళ్ళు నిండినవాళ్ళకి ఆ ఎర్రచొక్కా, టోపీ తొడగడం ఇక్కడి ఆనవాయితీ. అలాంటివి ఊరంతా ఉంటాయి, అదొక్కటే అయితే ఎవరిదో చెప్పలేం.

"ఛాతీ దగ్గర పెద్దది చెయ్యండి" అంది కిరికో.

చొక్కా కట్టుతాళ్ళు కనిపించాయి. ఒకటి ఎరుపు. రెండోది సన్నటి ఆకుపచ్చ. ఇంకో సెన్సారైతే ఆ రెండు రంగుల్నీ పులిమేసి మట్టిరంగు చేసేది. సుబారు ఒక్కొక్క పోగునీ విడిగా చూపిస్తోంది.

కిరికో తెర దగ్గరికి జరిగింది. ఆ ఆకుపచ్చ తాడు కుట్టింది తనే. పోయిన అక్టోబరులో, డైరెక్టర్ గారి షష్టిపూర్తికి ఆఫీసంతా కలిసి కొన్న చొక్కాకి, తొడిగే వేళకి తాడు ఊడిపోతే, ఎర్రది దొరక్క బహుమతి పొట్లానికి కట్టిన తాడు తెంచి కుట్టింది. "రంగుల ఇంజినీరుకి ఈమాత్రం తెలియదా" అని అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు కురమోచి.

"ఆయనా?" అన్నాడు ఇసొగాయ్. "రేపు మిమ్మల్ని దొంగ అనబోయేది ఈయనేగా!"

మాస్టారు తల ఊపాడు. "ప్రాజెక్టు మూసేస్తున్నారు, పైవాళ్ళకి చూపించడానికి ఒక్క ఫొటో ఉంటే బతుకుతుంది అన్నాడు. పెట్టెలో సుబారు విరక్కుండా ఉందేమో చూశాను, ఉంది. ఆశపడ్డాను. ఎరుపు బాగా రావాలని ఆయన్నే అక్కడ కూర్చోబెట్టి తీశాను. చిప్పు నా దగ్గరే ఉంచుకుని, మాట ప్రకారం విరిచి తెచ్చి పెట్టాను. ఫొటోలున్న కార్డు మాత్రం ఆయన పట్టుకెళ్ళాడు. వాటిలోంచి దీన్ని ఏరుకున్న ఆ పోటీ కంపెనీ వాళ్ళకి ఇందులో ఉన్న ముసలాయన ఎవరో తెలిసుండదు."

"అయితే ఈ మాట ఎందుకు చెప్పలేదు?" కిరికోకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "వాళ్ళు మిమ్మల్ని పోలీసులకి పట్టిస్తుంటే నోరు మూసుకుని కూర్చుంటారా? మీకు సిగ్గనిపించలేదా మాస్టారూ? మాకోసమైనా?"

"ఏం చెప్పమంటావు? చెబితే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? విరగని చిప్పు పెట్టెలో ఎలా ఉందని. దాన్ని విరవాల్సింది ఎవరని." ఆయన పూలకొమ్మని పెట్టె పక్కన పెట్టాడు. "నాదేముందమ్మా, ఇంట్లో కూర్చున్నవాణ్ణి. నీకు ఇంకా పాతికేళ్ళ పని ఉంది."

కిరికో రెండు ముక్కల్నీ గుప్పిట్లో బిగించింది. అంచులు చర్మంలో దిగుతున్నాయి. రేపు మీటింగులో నిజం చెబితే ముందు పోయేది తన ఉద్యోగమే. చెప్పకపోతే ఈయన. ఇక్కడిదాకా ఆలోచించి, ఇంకో సంగతి గుర్తొచ్చి తల ఎత్తింది. ఎన్ని గంటలకి వెళ్తున్నావు అని పొద్దున్న ఎవరు అడిగారు?

బయట గులకరాళ్ళ మీద కారు ఆగిన చప్పుడైంది. తొమొయె గారు గుమ్మంలోంచి తొంగిచూసింది.

"మీ ఆఫీసు పెద్దాయనట అండీ. రేపటి మీటింగుకి పెట్టె ఆయనకి ఇప్పుడే కావాలట, పట్టుకెళ్ళడానికి వచ్చారు."

ఇసొగాయ్ గబుక్కున లాప్‌టాప్ మూసేశాడు. మాస్టారు చెయ్యి చాచాడు. "ఇటివ్వమ్మా. పెట్టెలో పెట్టేస్తాను. నువ్వు చూడలేదు, అంతే."

కిరికో గుప్పిట విప్పలేదు. అడుగులు మెట్లెక్కాయి. తలుపు పక్కకి జరిగింది.

"ఏమ్మా కిరికో" అన్నాడు కురమోచి, అదే ఆప్యాయతతో, బూట్లు విప్పుకుంటూ. "మనసు కుదుటపడిందా?"